పాత కోటు కొనేముందు భుజం చూడండి

ప్రశ్న: నా వయసు 27. మాది గుంటూరు. రెండేళ్ళుగా ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఛాతీ 37. విరాళంగా వచ్చిన పాత వస్తువులు అమ్మే ఇక్కడి గుడ్‌విల్ దుకాణాల్లో వేలాడే పాతకాలపు ఉన్ని కోట్లు, సూట్లు చూసి ముచ్చటపడి కొనడం మొదలుపెట్టాను. ఈమధ్య 12 డాలర్లకు హారిస్ ట్వీడ్ అనే పేరున్న ఉన్ని బట్ట కోటు ఒకటి దొరికింది. బట్ట చాలా బాగుంది గాని భుజాలు జారిపోతున్నాయి. సరిచేయడానికి టైలరు 160 డాలర్లు అడుగుతున్నాడు. చేయించమంటారా? అసలు పాత కోటు ఏ కాలం నాటిదో, మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి? డిసెంబరులో న్యూజెర్సీలో మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్ళి ఉంది. ఆ పెళ్ళికి ఇలాంటి పాత సూటు వేసుకోవాలని కోరిక. అమ్మ మాత్రం వీడియో కాల్‌లో కోటు చూసి, "ఎవరో విడిచిన బట్టలు, పోయినవాళ్ళవో ఏమో, నీకేం ఖర్మరా" అని రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ఆమెకు ఏమని చెప్పాలి?

సమాధానం: ముందు మీ 160 డాలర్ల సంగతి. ఆ పని చేయించవద్దు.

కోటులో తక్కిన భాగాలన్నీ భుజం నుంచే వేలాడతాయి. కాలరు మెడను అంటిపెట్టుకుని కూర్చోవడం, ముందుభాగం ముడతలు పడకుండా దిగడం, చెయ్యి ఎత్తినప్పుడు కోటంతా పైకి లేవకుండా ఉండడం, ఇవన్నీ భుజం కుట్టు, చంక కోత ఎక్కడ పడ్డాయన్నదాని మీదే ఆధారపడి ఉంటాయి. ఆ భుజాన్ని ముప్పావు అంగుళం లోపలికి జరపాలంటే రెండు చేతులూ ఊడదీసి, లోపలి మెత్తలు తీసి, చంక గుండ్రాన్ని మళ్ళీ కోసి, చేతి పైభాగాన్ని ఆ కొత్త గుండ్రానికి సరిపడేలా తగ్గించి, అస్తరుతో సహా తిరిగి కుట్టాలి. కొత్త కోటు కుట్టడానికి కావలసినంత నేర్పు దీనికీ కావాలి. ఆ నేర్పున్న టైలరు 160 డాలర్లకు ఒప్పుకోవడం అరుదు, ఒప్పుకున్న టైలరుకు ఆ నేర్పు ఉందో లేదో కోటు పాడైన తరువాత గాని మనకు తెలియదు. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న మాట ఇలాంటి చోట అక్షరాలా నిజమవుతుంది. ఆ కోటును చలికాలంలో మందపాటి స్వెటరు మీద వేసుకోగలిగితే వేసుకోండి, లేదా మీకంటే భుజాలు వెడల్పైన మిత్రుడికి ఇవ్వండి. పోయింది 12 డాలర్లే, దానికి బదులుగా చాలామంది వందలు పోసి నేర్చుకునే పాఠం మీకు దక్కింది.

దుకాణంలో భుజాన్ని పరీక్షించే తేలిక పద్ధతి ఒకటి ఉంది. కోటు వేసుకుని గోడ పక్కన నిలబడి, మెల్లగా పక్కకు ఒరగండి. గోడకు మీ చేతి కండ ముందుగా తగిలితే భుజం కుదిరినట్టే. చేతికంటే ముందు కోటు భుజం తగిలి నొక్కుకుపోతే, బట్ట ఎంత బాగున్నా తిరిగి తగిలించి వచ్చేయండి. తరువాత చూడవలసింది పొడవు. కోటు అంచు పిరుదులను కప్పి ఆగాలి. పొడవును ఒక అంగుళానికి మించి తగ్గిస్తే కింది జేబులు అంచుకు మరీ దగ్గరై కోటు కురచగా, వింతగా కనిపిస్తుంది. మీ ఎత్తువారికి అమెరికా కొలతల్లో 'షార్ట్' అన్న విభాగం ఉంది. సుమారు 5 అడుగుల 7 అంగుళాల లోపువారి కోసం దాన్ని కుడతారు. 38 అంకె పక్కన రెగ్యులర్ అని ఉన్న కోటుకూ, షార్ట్ అని ఉన్న కోటుకూ ఛాతీ కొలత ఒకటే, తేడా అంతా పొడవులోనూ చేతుల్లోనూ ఉంటుంది. ఇలాంటి షార్ట్ కోట్లు దుకాణాల్లో తక్కువగా వస్తాయి గాని, వచ్చినవాటికి పోటీ పడేవారూ తక్కువే.

అయితే లోపల అంటించిన అంకెను పూర్తిగా నమ్మవద్దు. ఆ కోటు మొదటి యజమాని దాన్ని బిగించుకుని ఉండవచ్చు, వదులు చేయించుకుని ఉండవచ్చు; ఒక్కొక్క తయారీదారు 38 ఒక్కొక్క రకంగా ఉంటుంది. జేబులో టేపు పెట్టుకుని వెళ్ళండి. కోటును బల్ల మీద పరచి, గుండీలు పెట్టి, ఒక చంక కింద నుంచి రెండో చంక కిందికి అడ్డంగా కొలిస్తే మీ 37 అంగుళాల ఛాతీకి 20 నుంచి 20.5 అంగుళాలు రావాలి. ఇంట్లో మీకు చక్కగా కుదిరిన కోటు ఏదైనా ఉంటే దాని భుజం వెడల్పు, వీపు పొడవు, చేతి పొడవు కొలిచి ఫోనులో రాసి పెట్టుకోండి. దుకాణంలో అద్దం ముందు మనసు మురిసిపోయినప్పుడు ఛాతీతో కలిపి ఆ నాలుగు అంకెలే మిమ్మల్ని కాపాడతాయి.

భుజమూ పొడవూ కుదిరిన తరువాత మిగిలినవాటికి చాలావరకు మందుంది. నడుము దగ్గర పక్క కుట్లలో రెండు అంగుళాల వరకు లోపలికి తీయించవచ్చు. చేతులను ముంజేతి వైపు తగ్గించడం సులువు, కాని అక్కడి గుండీలకు నిజమైన కాజాలు కోసి ఉంటే ఆ పని కుదరదు. పొడిగించాలంటే లోపల మడిచిన బట్ట ఎంత మిగిలి ఉందో వేలితో తడిమి చూడాలి. పాత కోట్ల మంచి గుణం ఇక్కడే కనిపిస్తుంది: వీపు కుట్టులోనూ, ప్యాంటు వెనుక కుట్టులోనూ ముందు ముందు వదులు చేసుకోవడానికి ఉదారంగా బట్ట వదిలేవారు. కాని వదులు చేయించేముందు ఆ కుట్టును కాస్త తెరిచి లోపలి రంగు చూడండి. యాభై ఏళ్ళు వెలుతురు తగిలిన బట్ట వెలిసిపోయి, లోపల దాగిన బట్ట ముదురుగానే ఉంటే, కుట్టు విప్పిన చోట నిలువునా ఒక గీత కనిపిస్తుంది. ఏ ఇస్త్రీకీ అది పోదు. సూటు కొనేటప్పుడు ప్యాంటు సంగతి మరచిపోవద్దు. రెడీమేడ్ సూటులో ఛాతీకీ నడుముకూ సాధారణంగా 6 అంగుళాల తేడా ఉంచుతారు, కాబట్టి 38 సూటుకు నడుము 32 ప్యాంటు వస్తుంది. అయితే విరాళంగా వచ్చిన సూట్లను దుకాణంవాళ్ళు ఒక్కొక్కసారి విడదీసి, కోటును ఒకచోట, ప్యాంటును మరోచోట తగిలిస్తారు. కోటు నచ్చితే ప్యాంట్ల వరుస అంతా ఒకసారి వెదకండి, నాకు అలా రెండుసార్లు జత దొరికింది.

ఇక మంచి కోటును గుర్తించడం. మీరు హారిస్ ట్వీడ్ లేబులు చూసి మురిశారు. అది గొప్ప బట్టే, సందేహం లేదు. స్కాట్లాండ్ పడమటి తీరాన ఉన్న ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లో ఉన్నికి రంగు వేసి, నూలు వడికి, అక్కడి నేతగాళ్ళు తమ ఇళ్ళలో కాలితో తొక్కే మగ్గాల మీద నేస్తేనే ఆ పేరు పెట్టుకోవాలని బ్రిటన్ 1993లో చట్టమే చేసింది. మన చేనేత ఊళ్ళు తెలిసినవారికి ఆ కట్టుబాటు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే గోళం మీద శిలువ ఉన్న ఆ ముద్ర బట్టకు మాత్రమే హామీ ఇస్తుంది, కుట్టుకు కాదు. ఆ బట్టను కొన్న కంపెనీ దాన్ని ఎలాగైనా కుట్టి ఉండవచ్చు. అందుకే లేబులు చదవడానికి ముందు కోటు లోపల ఏముందో వేళ్ళతో చూడడం నేర్చుకోవాలి.

దానికి పద్ధతి ఇది. ముందుభాగంలో అన్నిటికంటే కింది కాజాకు కొంచెం దిగువన, పైబట్టను ఒక చేతి వేళ్ళతోనూ లోపలి బట్టను మరో చేతి వేళ్ళతోనూ పట్టుకుని మెల్లగా విడదీయండి. రెండింటి మధ్య మూడో పొర ఒకటి దేనికీ అంటుకోకుండా కదులుతున్నట్టు వేళ్ళకు తెలిస్తే, అది కాన్వాసు వేసి కుట్టిన కోటు. గుర్రపు వెంట్రుకలు కలిపి నేసిన ఆ కాన్వాసు వేసుకునేకొద్దీ మనిషి ఛాతీ ఆకారానికి ఒదుగుతుంది. అలా కాక పైబట్ట దళసరిగా, అట్టలా అనిపించి మూడో పొర విడిగా దొరకకపోతే, లోపల బక్రంలాంటి బట్టను వేడితో జిగురంటించారన్నమాట. జిగురు కోట్లన్నీ చెడ్డవని అనను. కాని పాతబడిన జిగురు, డ్రైక్లీనింగ్ వేడికి విడిపోయినప్పుడు ఛాతీ మీద తడి గోడకు సున్నం ఉబ్బినట్టు చిన్న చిన్న బుడగలు లేస్తాయి. వాటిని ఎవరూ బాగుచేయలేరు. కోటును కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే ఆ బుడగలు కనిపిస్తాయి.

కాలాన్ని గుర్తించడానికి అమెరికా చట్టాలే మనకు ఉపకారం చేశాయి. ఎలా ఉతకాలో చెప్పే శాశ్వతమైన లేబులు 1972 నుంచి తప్పనిసరి అయింది; అది లేకపోతే, ఊడదీసిన గుర్తులు కూడా లేకపోతే, కోటు అంతకంటే పాతది కావచ్చు. మాటలు లేకుండా తొట్టి, ఇస్త్రీపెట్టె బొమ్మలతోనే సరిపెట్టడానికి 1997లో గాని అనుమతి రాలేదు. బట్టలో ఏ రకం పీచు ఎంత శాతమో రాయాలన్న నియమం 1960లో అమలుకు వచ్చింది, ఉన్నికి మాత్రం 1939 నాటి వేరే చట్టం ఉంది. ఆ చట్టం కింద ఇచ్చిన డబ్ల్యూపీఎల్ అన్న అక్షరాల నంబరు కనిపిస్తే, ఆ కంపెనీకి నంబరు 1941 నుంచి 1959 లోపు ఇచ్చారని అర్థం. ఇది కంపెనీ నంబరు గాని కోటు పుట్టినరోజు కాదు, ఎందుకంటే తరువాత దశాబ్దాల తరబడి అదే నంబరు వాడినవారున్నారు. కంపెనీలకు ఇచ్చే మరో రకం నమోదు నంబర్లు, ఆర్ఎన్ నంబర్లయితే, అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెబ్‌సైటులో వెదికి ఏ కంపెనీదో తెలుసుకోవచ్చు. ఉన్ని ఉండలాంటి నల్లగీతల వూల్‌మార్క్ గుర్తు 1964లో పుట్టింది కాబట్టి అది ఉన్న కోటు అంతకు ముందుది కాదు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైన సాక్ష్యం కార్మిక సంఘం చీటీ. అమెరికాలో మగవారి సూట్లు కుట్టే కార్మికులు 1914లో అమాల్గమేటెడ్ క్లోతింగ్ వర్కర్స్ అన్న సంఘం పెట్టుకున్నారు. వారి చేతుల మీదుగా వచ్చిన కోట్లలో సంఘం చీటీ కుట్టేవారు. అది బయటికి కనిపించదు. కుడివైపు ఛాతీ లోపలి జేబులో చేయి పెట్టి, జేబు సంచిని బయటికి లాగి చూడాలి. చీటీ అంచున 1949 అనో 1962 అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది దాన్ని కోటు కుట్టిన సంవత్సరమనుకుంటారు. అది ఆ చీటీ నమూనాను నమోదు చేసిన సంవత్సరం. 1962 చీటీ ఉన్న కోటు 1962కూ 1976కూ మధ్య ఎప్పుడైనా కుట్టి ఉండవచ్చు. 1976లో ఆ సంఘం జౌళి కార్మికుల సంఘంతో కలిసి పేరు మార్చుకుంది, చీటీ కూడా మారింది. టైలరు చేత ప్రత్యేకంగా కుట్టించుకున్న కోట్లయితే అదే లోపలి జేబులో యజమాని పేరు, తేదీ టైపు చేసిన గుడ్డముక్క కూడా ఉండవచ్చు. నా దగ్గరున్న ఒక బూడిద రంగు కోటులో అలాంటిది ఉంది. తేదీ ఒక ఏప్రిల్ నెలది, పేరు మీద సిరా పాకి సగమే చదవగలం. ఆ కోటు ఎడమ మోచేయి కుడి మోచేతికంటే బాగా అరిగి ఉంది, ఆయన ఎడమచేతి వాటం మనిషి అయి ఉంటాడని నా ఊహ.

పేర్ల విషయంలో ఎక్కువ చెప్పను, ఎందుకంటే పేరు చూసి కొనడం మొదలుపెడితే భుజం చూడడం మానేస్తారు. అయినా మీ శరీరానికి పనికివచ్చేది ఒకటుంది. 1818లో మొదలైన బ్రూక్స్ బ్రదర్స్ పాత 'సాక్' కోట్లలో భుజానికి మెత్తలు చాలా పలచగా ఉంటాయి, ముందుభాగంలో నడుమును నొక్కే కుట్లు ఉండవు, మూడు గుండీలుంటే పైగుండీ ఛాతీ మీది మడత (ల్యాపెల్)లోకి దొర్లిపోయి మధ్య గుండీ ఒక్కటే పెట్టుకునేలా ఉంటుంది. సన్నగా, తక్కువ ఎత్తుతో ఉన్నవారికి ఈ కోత నప్పుతుంది. 1980ల నాటి వెడల్పు భుజాల కోట్లు, అవి ఎంత పేరున్నవారివైనా, మీ ఎత్తువారిని మింగేస్తాయి. రోచెస్టర్ నగరపు హికీ ఫ్రీమన్, షికాగోకు చెందిన హార్ట్ షాఫ్నర్ మార్క్స్ పేర్లు మీ ప్రాంతపు దుకాణాల్లో తరచుగా తగులుతాయి. మొదటిది దాదాపు ఎప్పుడూ పరీక్షకు నిలుస్తుంది, రెండోదాన్ని దశాబ్దాన్ని బట్టి చూసుకోవాలి. ఇక 1970ల పాలియెస్టర్ సూట్ల జోలికి పోవద్దు. ఆల్బంలో ఆ కాలపు టెర్లిన్ చొక్కా, బెల్ బాటం ప్యాంటు చూసి నవ్వుకోవడం వేరు, గాలి ఆడని ఆ బట్టలో నాలుగు గంటలు కూర్చోవడం వేరు.

బట్ట బరువు కూడా గమనించండి. పాత సూట్ల ఉన్ని గజానికి 13 నుంచి 16 ఔన్సుల దాకా తూగేది. ఇప్పటి సూట్లు చాలావరకు 8 నుంచి 10 ఔన్సులవి. ఆ బరువు వల్లే పాత ప్యాంటు కత్తి అంచులా జారి నిలుస్తుంది, ఒక రాత్రి తగిలిస్తే ముడతలు వాటంతటవే పోతాయి. ఒహాయో చలికి అది వరమే గాని, సెలవుల్లో మే నెలలో గుంటూరు తీసుకెళ్ళాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

ఎక్కడ, ఎప్పుడు వెదకాలన్నదానికి పెద్ద రహస్యాలేమీ లేవు. 1902లో బోస్టన్‌లో ఒక మతబోధకుడు మొదలుపెట్టిన గుడ్‌విల్ నేడు ప్రాంతానికొక స్వతంత్ర సంస్థగా నడుస్తోంది, అందుచేత ధరలూ, వారానికో రంగు చీటీకి సగం ధర వంటి పద్ధతులూ ఊరూరికీ మారతాయి. పాత ఇళ్ళున్న, వయసు మళ్ళినవారు ఎక్కువగా ఉండే పేటల దుకాణాలకు వారం మధ్యలో ఉదయాన్నే వెళ్ళండి. ఇంటి సామానంతా ఇంట్లోనే అమ్మే ఎస్టేట్ సేల్ అన్నిటికంటే మేలు, ఒకే మనిషి బీరువా అంతా ఒకేచోట దొరుకుతుంది, ఆ మనిషి కొలత మీ కొలత అయితే అదృష్టమే.

ఇంటికి తెచ్చేముందు చూడవలసిన లోపాల్లో మొదటిది పురుగు. ఉన్నిని తినేది ఎగిరే చిమ్మట కాదు, దాని పిల్లపురుగు. కోటును దీపానికి ఎదురుగా పట్టి, కాలరు వెనుక, జేబు మూతల కింద, చంకల్లో చూడండి. గుండుసూది తలంత రంధ్రం ఒకటి రెండు ఉంటే రఫూ చేయించవచ్చు. సన్నని ఇసుకలాంటి రేణువులు, తెల్లటి గూళ్ళు కనిపిస్తే మాత్రం ఆ కోటు మీ ఇంటి గడప దాటకూడదు. పైకి శుభ్రంగా ఉన్న కోటునైనా తెచ్చిన వెంటనే గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, సున్నా కింద 18 డిగ్రీల సెల్సియస్ ఉండే ఫ్రీజరులో వారం రోజులు ఉంచండి. గోంగూర పొట్లాల పక్కన కోటేమిటని మీ గదిలోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. నేనొకసారి ఈ జాగ్రత్త తీసుకోక, ఇంటి నుంచి తెచ్చుకున్న కాశ్మీరు శాలువాను పోగొట్టుకున్నాను. కలరా ఉండల వాసన నీడపట్టున గాలికి నాలుగైదు రోజులు ఆరేస్తే తగ్గుతుంది. చంకల దగ్గర చెమటకు బట్ట రంగు మారి గట్టిపడి ఉంటే అది పోయేది కాదు, కొనవద్దు.

తరువాత డ్రైక్లీనింగ్‌కు ఒక్కసారి ఇవ్వండి, ఇచ్చేటప్పుడు కోటు ముందు మడతను చదునుగా ఇస్త్రీ చేయవద్దని నోటితో చెప్పడమే కాక చీటీ రాసి గుండీకి కట్టండి. నేను చెప్పి ఊరుకున్నాను. మా ఊరి దుకాణంలో మూడు గుండీల కోటు మడతను మూడో గుండీ దాకా కత్తిపీటలా నొక్కి ఇచ్చారు. తడిగుడ్డ, ఆవిరి పెట్టి, మడత కింద చుట్టిన తువ్వాలు ఉంచి, దాని పాత దొర్లుడు తిరిగి తెప్పించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది.

వేసుకునే తీరు గురించి మీరు అడగలేదు గాని ఒక మాట. ఒంటి మీద పాతది ఒక్కటే ఉండనివ్వండి. ట్వీడ్ కోటుతో ఇప్పటి తెల్ల చొక్కా, మామూలు కాటన్ ప్యాంటు వేసుకుంటే ఆఫీసులో అది మీ కోటే అనిపిస్తుంది. దాని మీద పాత టై, పాత టోపీ, జేబుగడియారం కూడా చేర్చితే పగటివేషగాళ్ళు గుర్తుకొస్తారు. మన పాత ఫోటోల్లో పంచెకట్టు మీద కోటు తొడుక్కున్న పెద్దలు ఎంత సహజంగా ఉండేవారో చూడండి. దొరల దుస్తుల్లోంచి వారు తీసుకున్నది ఒక్క కోటే, తక్కినదంతా తమదే.

ఇక మీ అమ్మగారు. ఆమె మాటను మూఢనమ్మకమని తోసేయవద్దు. విడిచిన బట్ట వేసుకోకూడదన్న మాట వెనుక అంటురోగాల భయం ఉంది, మైల ఉంది, అంతకంటే ఎక్కువగా, దూరదేశంలో ఉన్న కొడుకు కొత్త బట్ట కొనుక్కోలేని స్థితిలో ఉన్నాడేమోనన్న బాధ ఉంది. మీరు మొదట తీర్చవలసింది ఆ చివరిదాన్ని. పాతది కొన్నది డబ్బు లేక కాదని, ఇలాంటి బట్టా ఇలాంటి కుట్టూ కొత్తగా కావాలంటే దీనికి ఎన్నో రెట్లు పెట్టాలని చెప్పండి. పోయినవారి బట్టలు కావచ్చన్నది నిజమే. పిల్లలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇచ్చినవే ఈ దుకాణాల్లో చాలా ఉంటాయి. అది దాచవద్దు. పోయినవారి బట్టలు ఎవరికైనా ఇచ్చేయడం మన ఇళ్ళలోనూ ఉన్నదే. ఇక్కడ అమ్ముడుపోని ఉన్ని కోట్లు కట్టలు కట్టలుగా ఓడలెక్కి కాండ్లా రేవుకు చేరతాయి. తిరిగి తొడుక్కునే వీలు లేకుండా వాటిని కోసి, హర్యానాలోని పానిపట్‌లో పీచు తీసి మళ్ళీ నూలు వడుకుతారు. చలికాలంలో మన బజార్లలో చౌకగా దొరికే కంబళ్ళలో అలా తయారైనవి కలిసే ఉంటాయి. ఈ సంగతి వాదనలా కాక, కబుర్లలో ఎప్పుడైనా చెప్పండి. నేను మొదటి కోటు తీసుకుని ఇంటికి వెళ్ళినప్పుడు మా అమ్మ ఏమీ అనలేదు, రాత్రి దాన్ని తిరగేసి అస్తరు మూల కొంచెం పసుపు రాసి తగిలించింది. ఆ మరక ఇప్పటికీ ఉంది.

పెళ్ళి విషయంలో మాత్రం నేను అమ్మగారి పక్షమే. ముహూర్తానికి ఆమె పంపే పట్టుపంచె గాని, కొత్త కుర్తా గాని కట్టుకోండి. శుభకార్యానికి కొత్త బట్ట అన్నది ఆమె వదులుకోలేని మాట. సాయంత్రం రిసెప్షన్‌కు ముదురు నీలం లేదా బొగ్గు రంగు పాత సూటు వేసుకోవచ్చు గాని ట్వీడ్ పనికిరాదు, అది పొలం గట్లకూ కాలేజీ వరండాలకూ పుట్టిన బట్ట. తేదీ పెట్టుకుని వెదికితే ఇలాంటి దుకాణాల్లో కావలసినది సాధారణంగా దొరకదు, తొందరలో కుదరనిదాన్ని కుదిరిందనుకుంటాం. ఫ్రీజరుకు ఒక వారం, డ్రైక్లీనింగ్‌కు ఒక వారం, టైలరుకు మూడు వారాలు లెక్కవేసుకుంటే అక్టోబరు నెలాఖరులోగా సూటు మీ చేతికి రావాలి. రాకపోతే ఈసారికి కొత్త సూటే కొని, దాని చేతులు, నడుము సరిచేయించుకోవడానికి ఆ 160 డాలర్లు వాడండి.